పెద్దబావ టార్చి బల్బు

మా పెద్దబావకు లోకంలో ఒక్క మనిషి మీదే అసూయ. ఆ మనిషి ఆయన తోడల్లుడే, అంటే మా చిన్నబావ. పక్కింటివాడు మేడ మీద మేడ కట్టినా, ఎదురు షాపువాడికి బేరాలు తెగ వస్తున్నా ఆయనకు చీమ కుట్టినట్టయినా ఉండదు. చిన్నబావ రేడియో ముందు కూర్చున్నాడని వింటే చాలు, కళ్లలో నిప్పులు పోసుకుంటాడు. ఇద్దరక్కల తమ్ముణ్ణి కనక ఆ నిప్పుల సెగ ఎప్పుడూ నాకే తగిలేది.

పెద్దబావది మోటార్ల వైండింగ్ షాపు. కాలిపోయిన ఫ్యాన్లు, నీళ్ల మోటార్లు విప్పి, మాడిన రాగితీగ పీకేసి కొత్తది చుడతాడు. అది బతుకుతెరువు. ప్రాణం మాత్రం షాపు వెనక గదిలో ఉంటుంది. బిస్కట్ల డబ్బాలో ఇమిడిపోయే ట్రాన్స్‌మిటర్, మందుసీసా మీద చుట్టిన కాయిల్, విరిగిన రంపం బ్లేడుకు చొక్కా గుండీ అతికించి చేసిన మోర్స్ కీ. ఆ గుండీ మీద వేలు ఆనించి టక్కు టక్కుమని కొడితే, ఎక్కడో ఉన్న మనిషి చెవిలో కూతలుగా వినిపించాలి. పొట్టి కూత చుక్క, పొడుగు కూత గీత, వాటిని కలిపితే అక్షరాలు. అందుకోసం పరీక్ష రాసి లైసెన్సు, గాలిలో పేరుకు బదులు వాడే సొంత గుర్తు కూడా తెచ్చుకున్నాడు. కొనుక్కున్న పెద్ద సెట్లంటే ఆయనకు మహా చులకన.

"అంత కరెంటు పోస్తే ఎవడైనా మాట్లాడతాడురా! టార్చి బల్బు వెలిగేంత కరెంటుతో మాట్లాడి చూపించమను, అప్పుడొప్పుకుంటా" అనేవాడు.

చిన్నబావ బస్సు కండక్టరు. పెళ్లైన కొత్తలో ఊరికే కూర్చోలేక ఆ వెనక గదిలో దూరాడు. పెద్దబావే దగ్గర కూర్చోబెట్టి మోర్స్ నేర్పాడు. ఈయనేమో డ్యూటీలో కూడా టికెట్లు కొట్టే పంచ్‌తో బస్సు కడ్డీ మీద సాధన చేసి, డ్రైవరు చేత తిట్లు తిని, చివరికి తనూ లైసెన్సు సంపాదించాడు. అప్పటిదాకా అంతా సవ్యంగానే ఉంది. పెద్దబావ నలుగురిలో "నా శిష్యుడు" అని భుజం తట్టేవాడు కూడా.

శిష్యుడు ఉండాల్సిన చోట ఉంటే గొడవే లేదు. చిన్నబావ సబ్బుపెట్టెలో ఓ బుల్లి సెట్టు కట్టి, సముద్రం అవతల ఏదో దీవిలో ఉన్న ముసలాయనతో మాట్లాడేశాడు. పెద్దబావ ఏళ్ల తరబడి గొంతెత్తి పిలిచినా ఒక్కసారీ పలకని ముసలాయన! అది చాలదన్నట్టు, ఆ సబ్బుపెట్టెలో బిగించిన ట్రాన్సిస్టర్ ముక్క పెద్దబావ పరీక్షించి, పనికిరాదని చెత్తబుట్టలో పారేసింది.

"నేను పారేసిన ముక్కతోరా! నేను పారేసిన ముక్కతో!" అని నా ముందు ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు.

ఈ రేడియోవాళ్లలో ఒక ఆచారం ఉంది. గాలిలో మాట్లాడుకున్న ఇద్దరూ ఒకరికొకరు పోస్టులో కార్డు పంపుకుంటారు. కార్డు వస్తేనే కలిసినట్టు లెక్క. దీవి ముసలాయన కార్డు వచ్చింది, దాని మీద కొబ్బరిచెట్టు బొమ్మతో సహా. నాది ఫొటోలకు ఫ్రేములు కట్టే షాపు. చిన్నబావ కార్డు తెస్తే నేనూ ముచ్చటపడి, ఉన్నవాటిలోకెల్లా మంచి నల్లచెక్క ఫ్రేము కట్టిచ్చాను. దాన్ని హాల్లో గోడకు కొట్టిన రోజున భోజనానికి పిలిస్తే పెద్దబావ వచ్చాడు, కార్డు చూశాడు, విస్తరి ముందు కూర్చోకుండానే తలనొప్పని లేచి వెళ్లిపోయాడు. ఆ గడప మళ్లీ తొక్కలేదు. పెద్దక్కనూ వెళ్లనివ్వలేదు.

రెండు వీధుల దూరంలో ఉన్న అక్కచెల్లెళ్లు ఒకరి క్షేమం ఒకరు నన్నడిగి తెలుసుకునే స్థితికి వచ్చారు. "నా తోబుట్టువును నాక్కాకుండా చేశాడు మీ బావ, ఒక్క కార్డు కోసం" అని పెద్దక్క నా షాపులో కూర్చుని ఏడ్చింది. ఆ ముసలాయన ఒక్కసారి పెద్దబావకు పలికితే తప్ప ఈ రెండిళ్లు మళ్లీ కలవవని నాకు అర్థమైపోయింది.

అందుకే ఆ సాయంత్రం, పెద్దబావ కాయిల్ సరిచేసుకుంటుంటే దగ్గరే కూర్చున్నాను. దీవి ముసలాయన పొద్దువాలే వేళకు రేడియో ముల్లు మీద ఎప్పుడూ ఒకేచోట దొరుకుతాడట. పెద్దబావ చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, కళ్లు మూసుకుని కొడుతున్నాడు. బల్ల మీద ఒక టార్చి బల్బు ఆయన వేలితోపాటు మినుకు మినుకుమంటోంది. చూడ్డానికి బాగానే ఉంది అనుకున్నాను.

ఉన్నట్టుండి ఆయన వీపు నిటారైంది. ఏదో కొట్టాడు, విన్నాడు, మళ్లీ కొట్టాడు. హెడ్‌ఫోన్ లాగిపారేసి నన్ను వాటేసుకున్నాడు.

"పలికాడ్రా! దీవోడు పలికాడు! బలహీనంగా ఉన్నా స్పష్టంగా ఉన్నావన్నాడు! మీ అక్కని పిలు!"

నేను లేచేలోపు ఆయన కళ్లు బల్ల మీద పడ్డాయి. ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

"తీగ పెట్టలేదు" అన్నాడు.

నాకర్థం కాలేదు. ఆయనే చెప్పాడు. సెట్టును సరిచూసుకునేటప్పుడు ఊరివాళ్ల చెవులు చిల్లులు పడకుండా, డాబా మీది ఏరియల్ తీగకు బదులు బల్బు తగిలిస్తారు. కరెంటంతా బల్బే తినేస్తుంది. సరిచూడటం అయ్యాక క్లిప్పు తీసి తీగకు మార్చాలి. ఆత్రంలో ఈయన మార్చలేదు. వినడానికి వేరే తీగ ఉంది కనక వినబడింది.

"బల్బుతో సముద్రం దాటదా?"

"సముద్రమా! మూడో వీధి దాటితే గొప్ప." కాసేపు ఉత్త గుండీ మీదే వేలు ఆడించాడు. "చివరి గీతని కొంచెం సాగదీశాడు. అలా సాగదీసేది నేనే. నా దగ్గర నేర్చుకున్నవాడికే ఆ జబ్బుంటుంది."

బల్బు పీకి గుప్పిట్లో పట్టుకుని బయల్దేరాడు. నేను వెనకే పరుగు. ఇంకొకరి గుర్తుతో గాలిలో మాట్లాడటమంటే వీళ్లలో దొంగ సంతకం పెట్టినట్టే. లైసెన్సు ఊడుతుంది. ఆ మాట దారిపొడుగునా అంటూనే ఉన్నాడు.

చిన్నబావ తలుపు తీశాడు. పెద్దబావ బల్బు ఆయన ముక్కు ముందు పెట్టాడు.

"ఇందాక నేను కొట్టింది దీంతో. తీగతో కాదు. ఇప్పుడు చెప్పు, దీవి ఎక్కడుంది? మీ వంటింట్లోనా?"

చిన్నబావ తెల్లబోయాడు. "బల్బా? నేను మీ సెట్టు పాడైపోయిందనుకున్నా అన్నయ్యా. అంత నీరసంగా వినబడితే ప్రాణం ఉసూరుమంది. ఇవాళ ఆ ముసలాయన రానేలేదు. మీరేమో పిలుస్తూనే ఉన్నారు…"

"జాలిపడ్డావు. నా మీద!"

"మా ఆవిడ రోజూ ఏడుస్తోంది. మీరొస్తారని చేశా. పైవాళ్లకు రాసి ఫిర్యాదు చేసుకోండి, లైసెన్సు పోతే పోనీండి. వదినని మాత్రం పంపండి."

చిన్నక్క లోపలి గుమ్మంలో కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. పెద్దబావ గోడ మీది నల్లఫ్రేము వంక చూశాడు. ఇక విరగ్గొడతాడనే అనుకుని నేను అడ్డంగా నిలబడ్డాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నువ్వు దొంగగా పలికినందుకు కాదురా నా కడుపుమంట. నువ్వు కొడుతుంటే, పుట్టుక నుంచీ అదే పనిగా ఉన్నవాడు కొట్టినట్టుంది. ఆ దీవోడే అనుకున్నాను, తెలుసా? నాకంటే బాగా కొడుతున్నావు. ఆ కార్డు కూడా నీకు ఊరికే రాలేదు. నాకు ఒళ్లు మండిపోతోంది, ఏం చెయ్యమంటావు?"

చిన్నక్క మంచినీళ్లు తెచ్చిస్తే గ్లాసు ఖాళీ చేసి లేచాడు.

"నేనింటికెళ్లి ఈ బల్బుతోనే పిలుస్తాను. ఈసారి నీ సొంత గుర్తుతో పలుకు. ఆ దొంగ మాటలు లెక్కలోకి రావు" అని గుమ్మం దగ్గర ఆగాడు. "మీ వదిన వస్తుందిలే."

పిలిచాడు. చిన్నబావ పలికాడు. ఇన్నేళ్లలో ఇద్దరూ గాలిలో మాట్లాడుకోవడం అదే మొదలట. పెద్దక్క అప్పటికే చెల్లెలి వంటింట్లో ఉంది, అక్కచెల్లెళ్ల మాటల మధ్య ఆ కూతలు చిన్నబావకు సరిగ్గా వినబడలేదట కూడా.

ఆచారం ఆచారమే కనక, రెండు వీధుల దూరానికి కూడా ఇద్దరూ స్టాంపులు అంటించి కార్డులు పోస్టు చేశారు. పెద్దబావ తనకొచ్చిన కార్డు పట్టుకుని నా షాపుకొచ్చాడు.

"ఫ్రేము కట్టు. వాడిదానికంటే ఒక వేలెడు పెద్దది."

కట్టాను. దాని జిగురు ఆరకముందే చిన్నబావ వచ్చాడు, చేతిలో ఆ నల్లచెక్క ఫ్రేముతో. కొబ్బరిచెట్టు కార్డు తీసేసి, అందులో అన్నయ్య కార్డు పెట్టమన్నాడు. మరి దీవి కార్డు ఏం చేస్తావంటే, బీరువా సొరుగులో పడి ఉంటుందిలే అన్నాడు.

ఆ ముక్క మోసుకెళ్లి పెద్దబావకు చెప్పాను, సంతోషిస్తాడని. ఆయన చుడుతున్న రాగితీగ ఆపాడు. కళ్లు తుడుచుకున్నాడనే నేనంటాను, చెమటని ఆయనంటాడు. అంతలోనే ముఖం మళ్లీ ముడుచుకుపోయింది.

"అలాంటి కార్డు సొరుగులో పడేస్తాడా వెధవ? అదే నాకొచ్చుంటేనా…"