నాలుగింటి క్యాసెట్టు

మా బియ్యం డబ్బా అడుగున ఒక క్యాసెట్టు ఉంది. అది నాది కాదు. ఇన్నేళ్లుగా డబ్బాలో చెయ్యి పెట్టిన ప్రతిసారీ, అది వేళ్లకు తగలకుండా బియ్యం తీస్తున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా చదువు నాలుగో తరగతితో ఆగింది. మాట అటూ ఇటూ అయితే సర్దుకోండి.

తార్నాకలో మా ఇంటి మేడ మీది గది ఒక సారుకు అద్దెకిచ్చాం. ఆయనది గుంటూరు వైపు. యూనివర్సిటీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. భార్య పోయినా క్యాంపస్ చెట్లను వదల్లేక ఇక్కడే ఉండిపోయారు. రోజూ పొద్దున అటు నడిచి వెళ్లేవారు. పరిశోధన చేసే పిల్లలు ఆయన చుట్టూ చేరి తమ రాతలు దిద్దించుకునేవాళ్లు. నేను గది ఊడ్చి, మధ్యాహ్నం అన్నం పెట్టేదాన్ని. పై గది తాళంచెవి ఒకటి నా కొంగుకే ఉండేది.

శనివారం మాత్రం ఆయన గడప దాటేవారు కాదు. ఆ రోజు లండన్ రేడియో. మన దగ్గర నిజాం రాజ్యం పోయిన కొన్నేళ్లకు, ఆయన పెళ్లైన కొత్తలో, చదువుకోసం భార్యతో లండన్లో ఉన్నారట. అప్పటి ఒకానొక శనివారం అక్కడి రేడియోలో వచ్చినదంతా, పొద్దుటి ప్రార్థన నుంచి రాత్రి రాణిగారి పాట దాకా, తెలిసిన దొర ఒకాయన చాలా ఏళ్ల తరవాత క్యాసెట్లకెక్కించి పంపాడు. అక్కడ ఏ గంటకు ఏది వచ్చిందో, మా మేడ మీద కూడా ఆ గంటకే అది పలకాలి. నిమిషం ముందు పెట్టరు, వెనక పెట్టరు.

మొదట్లో కరెంటు దండగని సణిగాను. తరవాత నాకే అలవాటైంది. ఆ భాష ఒక్క ముక్క రాకపోయినా, పొద్దున ఆవిడెవరో కూనిరాగంలా మాట్లాడుతుంటే కూరగాయలు తరిగేదాన్ని. ఫ్యాక్టరీ వాళ్లు పని చేసుకుంటూ వినే బాజా రాగానే బట్టలు ఉతికేదాన్ని. సాయంత్రం ఒకడు సముద్రాల పేర్లు చదివి ఎక్కడ గాలి ఎట్లుందో చెప్పేవాడట. వాడి గొంతు నిదానంగా ఉండేది, ఆ నిదానంలో పొయ్యి మీద పప్పు ఉడికేది. ఆ శనివారాలు తలచుకుంటే ఇప్పటికీ నాకు పప్పు వాసన వస్తుంది.

ఒక్క నాలుగింటి క్యాసెట్టే నాకు నచ్చేది కాదు. అది క్రికెట్టట. ఒకడు ఏదో గొణుగుతాడు, ఆగుతాడు. చాలాసేపు ఏమీ ఉండదు. ఎక్కడో పిట్ట అరుస్తుంది. మధ్యలో ఒకచోట ఎవరో ఒక్కరే టపటపా చప్పట్లు కొడతారు. అది విని నేను నవ్వేదాన్ని. ఉత్త క్యాసెట్టు, దండగ పెట్టారు అనుకునేదాన్ని.

ఒక ఏడు బతుకమ్మకు జనగామ వైపు నుంచి మా చెల్లె వచ్చింది. ఊళ్లో అందరికంటే బాగా పాడే మనిషి. ఆ ఏడు దగ్గుతూ వచ్చింది. గొంతు పోతున్నదని నాకు అర్థమైంది. ఆ పాట దాచుకోవాలనిపించింది. మనవరాలి టేపురికార్డరు ఇంట్లో ఉంది, ఖాళీ క్యాసెట్టు లేదు. సందు చివర దుకాణంలో దొరుకుతుంది. కొనలేదు. అరిగిన చీపుర్లు కూడా పారెయ్యని మనిషిని, పాటకు క్యాసెట్టు కొంటానా?

ఆదివారం సారు చర్చికి వెళ్లారు. పైకి వెళ్లి నాలుగింటిది తెచ్చాను. దాని అంచున ఉండే ప్లాస్టిక్ చెవులు విరిచి ఉన్నాయి. అంటే దీని మీద ఎవరూ మళ్లీ ఎక్కించొద్దని అర్థం. మనవరాలు సినిమా పాటల క్యాసెట్లకు చెవులు విరవడం, మళ్లీ ఎక్కించాలంటే అక్కడ కాగితం కుక్కడం చూశాను గనక నాకు ఆ సంగతి తెలుసు. తెలిసే ఆ బెజ్జాల్లో కాగితం ముక్కలు కుక్కాను. చెల్లె పాడింది. ఇద్దరం చప్పట్లు కొడుతూ, కింద మా గది నేలమీదే చుట్టూ తిరిగాం. ఎంత సంబరంగా ఉండిందో! ఆ సంబరంలో ఏ తప్పూ గుర్తు రాలేదు. నిజంగా గుర్తు రాలేదా, రానివ్వలేదా?

తరవాతి శనివారం సారు మెట్లు దిగి వచ్చారు.

"అక్కగారూ, నాలుగింటి క్యాసెట్టు కనబడ్డం లేదండీ. ఊడ్చేటప్పుడు ఎక్కడన్నా చూశారా?"

"నేనెక్కడ చూసిన సారూ? మీరే ఎవలకన్న ఇచ్చి మరిచిన్రేమో. మొన్న కండ్లద్దాలు నెత్తిమీద పెట్టుకొని ఇల్లంత దేవులాడలే?"

ఆయన నవ్వారు. "అదీ నిజమేలెండి. కానీ అందులో మా ఆవిడుందండీ."

"అండ్ల ఆడామె గొంతే ఇనపడదు గద?"

"గొంతు కాదండీ, చప్పట్లు. ఆ రోజు ఆ మ్యాచికి మేమిద్దరం వెళ్లాం. ఆవిడకి ఆట తెలీదు. ఎవరూ కొట్టని చోట లేచి నిలబడి మరీ కొట్టేసింది. దొరలంతా తిరిగి చూశారు. నేను సిగ్గుతో తల దించుకున్నానండీ. చెయ్యి పట్టి కూర్చోబెట్టేశాను."

అప్పుడే చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. వచ్చిన మాట, "మంచిగ యాద్జేసుకోండ్రి సారు, దొరుకుతది."

ఆ తరవాత శనివారాలు నాలుగయ్యేసరికి మేడ మీద ఏమీ పలికేది కాదు. ఆ గంటను ఆయన అట్లాగే ఖాళీగా ఉంచేవారు. చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చునేవారు. కింద నేను గిన్నె చప్పుడు కూడా చెయ్యలేకపోయేదాన్ని.

అంతటితో ఆగి ఉంటే ఇంత బరువు ఉండేది కాదేమో. ఆయన నా మాట నమ్మారు. గేటు దాకా వెళ్లి, తాళం వేశానా అని వెనక్కి వచ్చేవారు. అన్నం తిన్నానా అని నన్నే అడిగేవారు. పిల్లల రాతలు దిద్దడం మానేశారు. "నా బుర్ర మీద నాకే నమ్మకం లేదండీ, వాళ్ల రాతలు నేనేం దిద్దుతాను?" అన్నారు. క్యాంపస్ వైపు నడక కూడా పోయింది. చివరికి కూతురు వచ్చి గుంటూరు తీసుకెళ్లింది. ఆటో ఎక్కుతూ, "నా మతిమరుపుతో మిమ్మల్ని బాగా ఇబ్బంది పెట్టానండీ" అన్నారు. పైలంగ పోయిరాండ్రి అన్నాను. క్యాసెట్టు లోపల బియ్యంలో ఉంది. ఇస్తే చెల్లె పాట పోతుంది. ఆ వేళకు చెల్లె గొంతు పూర్తిగా పోయింది.

ఇప్పుడు చెల్లె లేదు. సారూ లేరని కూతురు కబురు చేసింది.

నిరుడు బతుకమ్మ నాడు తలుపు వేసుకొని ఒక్కసారి విన్నాను. చెల్లె పాట, మా చప్పట్లు. పాట ఆగిపోయాక గరగర, ఆ వెనక లండన్ మనిషి గొణుగుడు, పిట్ట అరుపు. చెవి ఆనించి చివరిదాకా విన్నాను. ఒక్కరే కొట్టిన ఆ చప్పట్లు లేవు. అవి మా చప్పట్ల కింద ఉన్నాయి.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. అడగాల్సిన మనిషి మీరు కాదు. ఒక్క మాట మాత్రం ఎవరో ఒకరికి తెలియాలి. క్యాసెట్టు నేను తీశాను. సారు ఏదీ మరిచిపోలేదు.