ఆ మరలు వదులు చేసింది నేనే

కొత్తవలసలో ఆయన స్కూటర్ మెకానిక్. మేమంతా బావ అనేవాళ్లం. ఆదివారాలు కొండరాళ్ల మీద రిమోట్‌తో నడిచే బొమ్మ ట్రక్కులు ఎక్కించే మా ఆరుగురిలో ఎవరి బండి చేతికొచ్చినా, ముందు చక్రాలు పట్టుకుని అటూ ఇటూ కదిపి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. “ఆడతన్నాది. బిగించాల,” అనేవాడు. చక్రం వదులుగా ఊగితే ఆయన మాటలో అది ఆడటం.

ఒకసారి నా బండిని అలాగే కదిపి, “ఒరే, ఇది కల్లు తాగొచ్చినాది. ఓనరు పోలికే,” అన్నాడు. అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువ మా తమ్ముడు నవ్వాడు. ఆ నవ్వు నెలరోజులు నన్ను నిద్రపోనివ్వలేదు.

ఎవరి బండి పెద్ద రాయి ఎక్కుతుందో తేల్చే పోటీ పెట్టుకున్న రోజు పొద్దున్న, ఆయన టీకి వెళ్లగానే, ఆయన బండి స్టీరింగ్ రాడ్డు మరలు వదులు చేశాను. అందరి ముందూ ఆయన పరువు పోవాలి. నాకు కావలసింది అదే.

తిరిగొచ్చి ఆయన తన బండిని ముట్టుకోలేదు. నాది తీసుకున్నాడు. “నీది ఇంకా ఆడతన్నాదిరా,” అంటూ చివరి నిమిషం దాకా దాన్నే బిగించాడు.

నా బండి రాయి పైదాకా ఎక్కింది. ఆయనది సగంలో చక్రాలు వంకర తిరిగి దొర్లిపోయింది. గట్టిగా నవ్వింది నేనే. ఆయన రాడ్డు కదిపి చూసి, “నా సెయ్యే తప్పింది. సరిగ్గా బిగించనేదు,” అన్నాడు.

సొంత బండే బిగించుకోలేడని ఆ తర్వాత ఎవరూ ఆయనకు బండి ఇవ్వలేదు. ఆయన రావడం మానేశాడు. ఆ మరలు వదులు చేసింది నేనని మిగతావాళ్లకు ఇప్పుడు చెబుతున్నాను.

ఈ ఉదయం నా బండి ముందు చక్రాలు పట్టుకుని కదిపి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. ఆయన బిగించినవి ఇప్పటికీ ఆడటం లేదు.