సోలార్ ప్లేటుకు పందిరి

నా చిన్నప్పుడు, హుకుంపేట దగ్గరి మా ఊరికి కరెంటు స్తంభాలు ఇంకా రాని రోజుల్లో, మాతోనే ఉండే మేనత్త ఇంటి వసారాలో కుట్టుమిషను పెట్టుకుంది. పగలంతా అందరిలాగే కొండ మీద పోడు సేద్యానికి పోయేది. కుట్టుపని సాయంత్రం దిగి వచ్చాకే. కిరసనాయిలు దీపం పెడితే గుడ్డలకు మసి పట్టేది, పైన చూస్తే గడ్డికప్పు, ఎప్పుడు అంటుకుంటుందోనని భయం. అందుకని మెకానిక్‌ను పిలిపించి పన్నెండు వోల్టుల సోలార్ ప్లేటు, ఒక బ్యాటరీ, చిన్న ట్యూబులైటు పెట్టించింది. కప్పు బరువు మోయదని ప్లేటును పెరట్లో వెదురు మంచె మీద కట్టారు.

ఆ వేసవిలో హాస్టలు పిల్లల యూనిఫారాలు కుట్టే పని అత్తకు దొరికింది. బడి తెరిచేలోగా ఇవ్వాలి. ఇవ్వలేకపోతే ఆ పని అరకు షాపుకి పోతుంది, అత్త మళ్ళీ మైదానానికి ఇటుకబట్టీ పనికి పోవాలి. అంతకుముందు ఏడాది తను అలా పోయినప్పుడు ఇల్లు ఎలా ఉండేదో నాకు బాగా గుర్తుంది.

మొదట్లో లైటు మేం తిని పడుకునేదాకా వెలిగేది. ఎండలు ముదిరాక అన్నం ఉడికేలోగానే మసకబారి ఆరిపోవడం మొదలుపెట్టింది. లెక్కలంటే నాకు అప్పుడే పిచ్చి. అత్త ఎన్ని నిక్కర్లు కుట్టిందో రోజూ వేళ్ళమీద లెక్కేసుకునేదాన్ని. ఎండ పెరిగేకొద్దీ కుట్టు తగ్గుతోంది. ఎండ ఎక్కువైతే వెలుగూ పెరగాలి కదా! ఎటునుంచి చేసినా ఆ లెక్క తేలేది కాదు. సాయంత్రమైతే చాలు, ట్యూబు వైపే చూస్తూ కూర్చునేదాన్ని. అత్త వైర్లు విప్పి మళ్ళీ బిగించింది, ప్లేటు మీద దుమ్ము తుడిచింది. మార్పు లేదు.

ఒకరోజు తను పోడుకి పోలేదు. "నీ లెక్కలు తరవాత సేద్దువులే. రా, ప్లేటు పక్కనే కూకుందాం," అని నన్ను పెరటి గోడ వెనక కూర్చోబెట్టింది. ఎండ నెత్తికెక్కే వేళకు మా నానమ్మ చంకలో ఆకుకొమ్మలు పెట్టుకుని వచ్చింది. ఒక్కో కొమ్మను ప్లేటు మీద పసిబిడ్డకు దుప్పటి కప్పినట్టు పరిచింది.

"ఏటే అమ్మా, ఏటి సేత్తన్నావు?" అంది అత్త లేచి.

"కనబళ్ళేదేటి? కాఫీ నారుకి పందిరెయ్యమా? లేత సరుకు, ఇంత ఎండకి మాడిపోదేటి? పొద్దు వాలాక రోజూ నేనే తీసెత్తన్నాను. నువ్వయితే దీన్ని ఎండలో ఒగ్గీసి కొండెక్కిపోతావు!"

నాకు ఒళ్ళు మండింది. నోరు తెరిచేలోగా అత్త నా చెయ్యి నొక్కింది. తను నవ్వనైనా నవ్వలేదు. కొమ్మలు నెమ్మదిగా తీస్తూ, "ఇది ఎండ తాగి బతికేదే అమ్మా. నీడ కావలసింది లోపలున్న పెట్టెకి. దాన్నే ఎవులూ సూడ్డం లేదు," అంది. అది అబద్ధమేమీ కాదు. మధ్యాహ్నం తలుపులోంచి ఎండ సరిగ్గా బ్యాటరీ మీదే పడేది. నానమ్మ నమ్మీ నమ్మనట్టు లోపలికి పోయి చేత్తో తాకి చూసింది. "అయ్యో, కాలిపోతన్నాదే! గుంటా, బేగి ఆ తడికందుకో!" అని నన్నే కేకేసింది.

ఆ రాత్రి నుంచి లైటు మళ్ళీ మేం పడుకునేదాకా వెలిగింది. అయినా కొన్నాళ్ళు ట్యూబు ఎక్కడ మసకబారుతుందోనని దాని కిందే కూర్చునేదాన్ని. బడి తెరవడానికి ముందురోజు సాయంత్రం అత్త చివరి చొక్కాకు గుండీలు కుట్టింది. ఆ ఏడాది ఇటుకబట్టీకి పోలేదు.

ఇప్పుడు మా ఊరివాళ్ళ కాఫీ తూకాల లెక్కలు నేనే చూస్తాను. ఎక్కడైనా తేడా వస్తే కాగితం పక్కన పెట్టి ఆ చోటికే వెళ్ళి కూర్చుంటాను. చాలాసార్లు అక్కడ ఎవరో ఒకరు ఎంతో శ్రద్ధగా పొరపాటు చేస్తూ కనిపిస్తారు. తేడా దొరికినా నాకు గుబులు తీరదు. ఆ మనిషి చిన్నబోకుండా ఆ శ్రద్ధకు సరైన చోటు ఎలా చూపించాలా అన్నదే అప్పుడు నాకు మిగిలే అసలు లెక్క.