ఫోన్లో వండిన ప్రసాదం

ఈ రోజు మా ఊళ్లో కొత్త సామల పండగ. కొండ మీద అమ్మోరి రాయి దగ్గరికి ఆడవాళ్లు రాకూడదు, ఆ ప్రసాదం తినకూడదు. అంచేత ఏడాదికి ఒక్క రోజు వంట మగాళ్ల మీద పడుతుంది.

ఈసారి వంతు నాది. సామలు ఎంతకీ ఉడకలేదు గాని అడుగు మాత్రం శ్రద్ధగా మాడింది. అమ్మోరికి పెట్టనిదే ఊళ్లో ఎవరూ కొత్త గింజ ముట్టరు. పూజారి బావ గంట ఆపి కుండ వైపు చూశాడు. ఇక తప్పక మా ఆవిడకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను.

"మంట తగ్గించు. ఏడినీళ్లు పోసి మూతెట్టు. కలపకు," అంది. పది నిమిషాల్లో కుండ దారికొచ్చింది.

అమ్మోరికి పెట్టడం అయ్యాక పూజారితో అంది, "అన్నయ్యా, నాకూ కూసింత పంపు."

"ఆడోళ్లు తింటే అమ్మోరు ఒప్పుకోదమ్మా."

"ఎలా వండాలో సెప్పింది నానేనని ఆవిడా విన్నాది కదా. ఒప్పుకుంటాదో నేదో అడుగు. నాను లైన్లోనే ఉంటాను."

బావ రాయి వైపు చూశాడు, ఫోన్ వైపు చూశాడు. ఆఖరికి అడ్డాకులో రెండు గరిటెలు పెట్టి నా చేతికిచ్చాడు.

"అమ్మోరు ఏటన్నాది బావా?" అని అడిగాను.

"ఏటీ అన్నేదు," అన్నాడు.

మరి ఇన్నేళ్లూ వద్దన్నదెవరో. ఇంటికి తెస్తే మా ఆవిడ రుచి చూసి ఉప్పు చాల్లేదంది. మీ ఊళ్లో అమ్మోర్ని ఎవరైనా అడిగి చూశారా?