ఒకటో నంబరు ట్రేలు

మంగళవారం, మబ్బు. పొద్దున్నే ఐసు పెట్టెలు కడిగాను. మా రొయ్యల గుంటల షీటునీ, రొయ్యలు కొనే కంపెనీ షీటునీ కంప్యూటర్లో పోలిస్తే నలభై మూడు వరుసలకు జత దొరకలేదు. అన్నీ ఒకటో నంబరు ట్రేలే.

“తూకం రాసే రమణక్క రోజూ ఆలస్యంగా వస్తా ఉంది, ఇప్పుడు లెక్కా తప్పింది. రేపట్నుంచి మానిపిచ్చు” అన్నాడు ఓనరు.

అక్క ఫోనులో ఎక్కించిన షీటు తెరిచాను. ఒకటి ఉండాల్సిన ప్రతిచోటా ‘లాభం’ అని ఉంది.

“ఇదేందక్కా?” అని రమణక్కను పిలిచి అడిగాను.

“వొడ్లు కొలిచేటప్పుడు మీ నాయన ఒకటని మొదులుపెట్టేవాడా, లాభమని గదా, అబ్బయా?”

ఓనరు నాలుక కరుచుకున్నాడు. “ఆమెది మార్చబాక. కంపెనీ షీటులో ఒకట్లన్నీ లాభం చెయ్!”

చేశాను. అన్నీ కలిశాయి. అక్క రేపూ పనికి వస్తుంది. నేను చేసింది తప్పో ఒప్పో మీరే చెప్పండి. సాయంత్రం ఐసు పెట్టెలు లెక్కపెట్టాను: లాభం, రెండు, మూడు...