అత్త పేర్చిన టైల్స్

మా మేనత్తను టైల్స్ ఫ్యాక్టరీలో అందరూ డేగకన్ను అనేవాళ్లు. బట్టీలోంచి వచ్చిన టైల్స్‌ని రంగు తేడా పట్టి గుట్టలుగా పేర్చడం ఆవిడ పని. ఒక్క తెలుపులోనే నాలుగు తెలుపులు చూసేది. పక్క బల్ల మీద పెట్టెలు కట్టే నన్నూ వదిలేది కాదు. టేపు కాస్త వంకరపోతే చాలు, "ఏమే, కళ్లు ఇంట్లో పెట్టి వచ్చావా?" అని నలుగురిలో పరువు తీసేది.

అలాంటి మనిషి ఆ రోజు పొద్దున్నుంచి నా టేపు వైపు చూడనేలేదు. రంగులు పోల్చే కెమెరా వచ్చింది. అన్ని రకాలూ కలిపి పోసిన టైల్స్‌ని అది తనంతట తానే గుట్టలు చేస్తుందట. అవే టైల్స్‌ని అత్త కూడా పేర్చాలి. రెండూ కలవకపోతే అత్తను ఇంటికి పంపేస్తారు.

"ఏ గుట్టకి ఏ నంబరు పెట్టినా పర్లేదండీ," అన్నాడు కొత్త ఇంజినీరు. "ఏ రెండు టైల్స్ తీసుకున్నా, మీరూ కెమెరా ఇద్దరూ కలిపే పెట్టారా, లేదా ఇద్దరూ విడిగానే పెట్టారా అని చూస్తాం. అంతే."

అంతేనట. అక్కడ అత్త ప్రాణం పోతోంది. అనుమానం వచ్చిన ప్రతిదాన్నీ విడిగా పెట్టేసింది. బల్ల నిండా ఒంటి టైల్సే.

నూటికి ఎనభై జతలు దాటి కలిశాయని కంప్యూటర్ చూపించింది. హమ్మయ్య అనుకున్నాను. ఇంజినీరు మాత్రం మొహం చిట్లించాడు. "అన్నీ విడగొడితే, విడిగా ఉండాల్సినవి ఎలాగూ విడిగానే ఉంటాయి కదండీ. కళ్లు మూసుకుని విడగొట్టినా ఇంత వస్తుంది. ఆ అదృష్టం వాటా తీసెయ్యాలి." తీసేశాడు. ఇంచుమించు సున్నా మిగిలింది.

"కంగారుపడ్డారు. నిదానంగా మళ్లీ పేర్చండి," అన్నాడు. పాపం, మంచివాడే.

నేనూ కంగారే అనుకున్నాను. టైల్స్ అందిద్దామని అత్త పక్కకి వెళ్లాను. ఆవిడ రెండు టైల్స్ ఎత్తి వెలుతురు వైపు తిప్పింది. ముక్కు దగ్గరికి తెచ్చుకుంది, మళ్లీ దూరంగా పట్టుకుంది. ఇన్నేళ్లలో నన్ను ఒక్క మాటా అడగని మనిషి నా చెవి దగ్గరికి వంగింది.

"ఇవి రెండూ ఒకటేనా, చెప్పవే తల్లీ."

ఒకటి మీగడ రంగు. రెండోది బూడిద రంగు. గుమ్మంలో నిలబడి చూసినా తెలిసిపోతుంది. ఇంజినీరు తలెత్తి మా వైపే చూస్తున్నాడు.