అమ్మ వేపిన ప్రయోగం

ఆ రోజుల్లో, అంటే ఎనభైల చివర్లో, నాకు కోపం ముక్కు మీదే ఉండేది. హైదరాబాదులో మా సారు దగ్గర నేను చేస్తున్న పరిశోధన ఏమిటో చెబితే మా ఊరు జహీరాబాద్‌లో ఒక్కరికీ అర్థమయ్యేది కాదు, అర్థం కాకపోతే నాకు ఒళ్లు మండేది. ఒంట్లో రోగంతో పోరాడే తెల్ల కణాలున్నాయి కదా, వాటికి శత్రువు తగలగానే లోపల ఇనోసిటాల్ ఫాస్ఫేట్ అనే చిన్న అణువు పుట్టి, పరుగున పోయి కణం దాచుకున్న కాల్షియాన్ని వదిలిస్తుంది. దాంతో కణం మేలుకుంటుంది. కణాల్లోకి ఒక రంగు ఎక్కించి, ఆ మేలుకోవడాన్ని వెలుగుగా చూడాలని నా తాపత్రయం. (ఏడాదిగా చూస్తూనే ఉన్నాను, ఒక్క మిణుకూ లేదు.)

ఆ కణాలు గొర్రె తిల్లిలో, అదే ప్లీహంలో, కుప్పలుగా ఉంటాయి. సరిగ్గా ఆ వెలుగును కొలిచే మిషన్ మా వంతుకొచ్చినప్పుడే పాతబస్తీలో కర్ఫ్యూ పెట్టారు, మటన్ దుకాణాలన్నీ బంద్. "రేపు సాయంత్రానికల్లా వెలుగు చూపించకపోతే నీ స్కాలర్‌షిప్ పొడిగించను" అన్నారు సారు. ఏం చేస్తాను? తెల్లారి మొదటి బస్సుకు జహీరాబాద్ వచ్చి, మటన్ దుకాణం చాచా దగ్గర అప్పుడే కోసిన గొర్రె తిల్లి తీసుకుని, స్టీలు డబ్బాలో పెట్టి, చుట్టూ ఐస్ పేర్చి ఇంట్లో ఉంచాను. అమ్మ పాలకు పోయింది. తిరుగు బస్సుకు ఇంకా టైముంది కదా, గడ్డం గీయించుకొద్దామని బయటికి వెళ్లాను.

వచ్చేసరికి ఇల్లంతా అల్లం వాసన! పొయ్యి మీద నా ప్రయోగం చుర్రుమంటోంది.

"ఏం జేసినవే అమ్మా! గది కూరకు తెచ్చింది కాదు! దాంట్ల కణాలు బతికుండాలె!"

"బతికున్నదాన్ని ఎట్ల తింటవ్‌రా?" అంది అమ్మ గరిటె ఆపకుండా. "అద్దంల మొఖం చూస్కున్నవా? ఎండి పుల్లయినవ్. రక్తం పడ్తదని నువ్వే తెచ్చుకున్నవనుకున్న."

మా దిక్కు నీరసపడ్డవాళ్లకూ బాలింతలకూ తిల్లే మందు. ఎవరింట్లో తిల్లి కనిపించినా, ఎవరికో రక్తం తక్కువైందనే అర్థం. ఆ ఆచారం వచ్చి వచ్చి నా నెత్తినే పడాలా? చాచా దగ్గరికి ఉరికితే, ఆ పొద్దున కోసిన రెండో గొర్రె తిల్లి కూడా ఎవరో బాలింతకు పోయిందట. "రేపు పొద్దుగాల రా బేటా, ఫికర్ చెయ్యకు" అన్నాడు. రేపటికి నా బతుకు బజారున పడుతుంటే ఫికర్ చెయ్యొద్దట!

ఒక్క ముద్ద ముట్టకుండా బస్సెక్కాను. అమ్మ వెనకాలే వచ్చి కిటికీలోంచి టిఫిన్ డబ్బా తోసింది. "నా మీద అలుగు, బువ్వ మీద అలుగకు" అంది. తల తిప్పుకున్నాను. సంగారెడ్డి రాకముందే డబ్బా ఖాళీ. అది అంత రుచిగా ఉండటంతో నా కోపం రెట్టింపయింది.

"తిల్లి ఏది?" అన్నారు సారు.

"తినేశాను సార్."

ఆయన కళ్లెర్రజేశారు. "అయితే నీ చెయ్యి ఇటివ్వు!"

సిరంజి మీద సిరంజి నా రక్తం లాగారు. దాంట్లోంచి తెల్ల కణాలు వేరుచేసి, రంగెక్కించి, మిషన్‌లో పెట్టి, వాటిని రెచ్చగొట్టే మందు ఒక చుక్క వేశాను. కాగితం మీద గీత గీస్తున్న మిషన్ ముల్లు సర్రున పైకి లేచింది. వెలుగు! సారు "ఊఁ" అని మాత్రం అన్నారు. స్కాలర్‌షిప్ నిలిచింది.

మళ్లీ ఇంటికి పోయినప్పుడు అమ్మ అడిగింది. "పనయిందా బిడ్డా?"

"అయింది. తిల్లి లేదని సారు నా రక్తమే గుంజిండు" అన్నాను, ఇంకా మూతి ముడుచుకునే.

అప్పుడు చూశాను అసలు కోపమంటే. "రక్తం పడాలె అని నేను తినిపిచ్చి తోలిస్తే, వాడు గుంజుకుంటడా? ఏడున్నడు వాడు? నడువ్, బస్సెక్కుదాం!" చెప్పులేసుకుని గడప దాటిన అమ్మను పట్టుకుని ఆపేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఇప్పుడు నా దగ్గరా పిల్లలు పరిశోధన చేస్తున్నారు. ప్రయోగం చెడగొట్టుకుని వాళ్లు వచ్చి నిలబడితే నాకు ఒళ్లు మండుతుంది, గట్టిగా కసిరేద్దామనే నోరు తెరుస్తాను. తీరా వచ్చే మాట మాత్రం "పొద్దున్నించి ఏమన్నా తిన్నవా?" అని. వాళ్లు అయోమయంగా చూస్తారు, నాకేమో నా మీద నాకే నవ్వొస్తుంది.